బ్రౌను దొర నిఘంటువూ, గుంటూరు రైతు మాటా

ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను గురించి మన అభ్యుదయ సాహిత్య మిత్రుల్లో రెండు అభిప్రాయాలు ప్రచారంలో వున్నాయి. బ్రౌను లేకపోతే వేమన లేడు, తాళపత్రాలు చెదలపాలయ్యేవి, తెలుగు దిక్కులేనిదై పోయేది అనేది మొదటిది. బ్రౌను కుంఫిణీ కొలువులో శిస్తు వసూలు చేసిన ఉద్యోగి, పాలించటానికి భాష కావలసి వచ్చింది గనుక నేర్చాడు, అంతకుమించి చర్చ అనవసరం అనేది రెండవది. మొదటి మాట సన్మాన సభల్లో వినపడుతుంది, రెండవది విద్యార్థుల చర్చావేదికల్లో. చూడటానికి పరస్పర విరుద్ధాలుగా కనపడే ఈ రెండు అభిప్రాయాలూ ఒక్క విషయంలో ఏకమవుతాయి: రెంటిలో దేన్ని నమ్మినా నిఘంటువు తెరవవలసిన అవసరం వుండదు.

నా ఉద్దేశంలో బ్రౌనును నిఘంటువులోనే చదవాలి. అదికూడా పండితులు మెచ్చుకునే 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువుతో ఆగకుండా, ఆ తరువాత 1854లో వెలువడిన మిశ్రభాషా నిఘంటువుతో కలిపి చదవాలి. కచేరీల్లో, దస్తావేజుల్లో, అంగట్లో తెలుగులో కలిసిపోయిన పారశీ, అరబ్బీ, హిందూస్థానీ, ఇంగ్లీషు మాటల పట్టిక అది. సాహిత్య చరిత్రకారులు దాన్ని ఒక వాక్యంలో ప్రస్తావించి దాటిపోతారు. మన పత్తి, మిరప పొలాల సీమకు సంబంధించినంతవరకు బ్రౌను వదిలిపోయిన వాటిలో మనకు అన్నిటికంటే పనికివచ్చేది అదేనని నేను వాదిస్తున్నాను.

ముందు మనిషి సంగతి క్లుప్తంగా. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. కుంఫిణీ ఉద్యోగులను తయారుచేసే హెయిలీబరీ కళాశాలలో చదివి 1817లో మద్రాసు చేరాడు. అక్కడి కోట కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చి, 1820లో కడపకు ఉద్యోగిగా వెళ్ళాడు. 1827లో ఛందస్సు మీద పుస్తకం, 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో, 1840లో వ్యాకరణం, 1852 ప్రాంతంలో నిఘంటువులు. 1855లో దేశం విడిచాడు. 1884 డిసెంబరు 12న లండనులో చనిపోయాడు.

ఈ పనిలో ఎక్కువ భాగం ఎవరూ చేయమంటే చేసింది కాదు. కడపలో బంగళా కొని, పండితులనూ లేఖకులనూ పెట్టుకుని, వారికి తన జేబునుంచి జీతాలిచ్చి ప్రతులు రాయించాడు, పాఠాలు సరిచూపించాడు, అప్పుల పాలయ్యాడు. రాజాస్థానం లేదు, పీఠం లేదు, ప్రకాశకుడు లేడు. ఈనాటి మాటలో చెప్పాలంటే స్వతంత్ర రచయిత. సొంత డబ్బుతో పుస్తకం అచ్చువేయించుకుని, కట్టలు అటక మీద పెట్టుకునే మన తెలుగు రచయితకు ఈ కథ వినగానే ఆత్మీయత కలగటం సహజమే.

అయితే ఆ జేబులోకి డబ్బు ఎక్కడినుంచి వచ్చింది? మద్రాసు రాజధాని ఆదాయంలో సింహభాగం భూమి శిస్తు. కలెక్టరు జీతమూ, జడ్జి జీతమూ, బ్రౌను జీతమూ అందులోనుంచే. కాబట్టి జూలూరి అప్పయ్య పండితుడికి బ్రౌను ఇచ్చిన జీతం దొర చేతిమీదుగా వచ్చిన రైతు డబ్బే. బ్రౌను త్యాగాన్ని తక్కువ చేయటానికి నేను ఈ మాట అనటంలేదు. అదే జీతం తీసుకున్న తక్కిన దొరలు దాన్ని గుర్రాల మీద, సారాయి మీద ఖర్చుపెట్టారు, లేదా ఇంగ్లండుకు చేరవేశారు. బ్రౌను దాన్ని తాళపత్రాల మీద ఖర్చుపెట్టాడు. ఆ తేడా చిన్నది కాదు. కానీ ‘ఒక దొర తెలుగును పోషించాడు’ అనే వాక్యంలో పోషకుడెవరో తారుమారయింది. తెలుగు రైతు పోషించాడు, దొర ఖర్చు రాశాడు. పని చేసింది పండితులు, లేఖకులు. మెకంజీ దొర చేయించిన గ్రామ కైఫియత్తులు శిథిలమవుతుంటే బ్రౌను తిరిగి రాయించిన స్థానిక చరిత్రల సంపుటాలు అరవైకి పైగా వున్నాయి. గుంటూరు సీమ గ్రామాల చరిత్ర రాసే ప్రతి పరిశోధకుడూ ఈనాటికీ వాటి నీడలోనే కూర్చుంటాడు. ఆ వేల పుటలు నకలు రాసిన చేతుల పేర్లు సభల్లో ఎవరూ తలచరు. నిఘంటువుల విషయంలోనూ ఇంతే. బ్రౌనుకు ముందే బందరులో మామిడి వెంకయ్య అనే వైశ్యుడు ‘ఆంధ్రదీపిక’ కూర్చాడు, కాంబెల్ దొర తన నిఘంటువుకు దాన్ని ఆధారం చేసుకున్నాడు. దొర వెనుక ఎప్పుడూ ఒక వెంకయ్యో, అప్పయ్యో వుంటాడు.

ఇక పుస్తకం సంగతి. బ్రౌను నిఘంటువుకు గొప్ప గుణం ఒకటి వుంది. అతను పండితుల అనుమతికోసం ఆగలేదు. కావ్యాల్లో వున్న మాటతోపాటు నోట్లో వున్న మాటనూ చేర్చుకున్నాడు. పండితులు ముక్కు మూసుకునే వేమననే మొదట పట్టుకున్నవాడు గనుక అది ఆశ్చర్యం కాదు. అతని వ్యాకరణం కూడా వాడుకను చూసి నడుస్తుంది. అదే కాలంలో అదే మద్రాసులో చిన్నయసూరి కట్టిన వ్యాకరణం వాడుకను శాసించబోయింది. ఆ తరువాత బడుల్లో గెలిచింది చిన్నయసూరి పద్ధతి. 1885 నాటి శబ్దరత్నాకరమూ, 1936నుంచి వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువూ గ్రంథస్థమైన మాటకు పెద్దపీట వేశాయి. గిడుగు రామమూర్తి పంతులు పోరాడవలసి వచ్చింది ఈ గెలుపుతోనే. ఈ తగాదాలో మనం బ్రౌను పక్షానే వుండాలి. కూలివాని మాట సాహిత్యానికి తగదు అనే సూత్రం నిలిచి వుంటే ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైలులో కూర్చుని ‘మాలపల్లి’ రాయగలిగేవాడు కాదు. (ఆ నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. బ్రౌనుకు జీతమిచ్చింది కూడా మద్రాసు ప్రభుత్వమే. ఎనభై ఏళ్ళలో తెలుగు నేర్చిన ప్రభుత్వం తెలుగు చదివి భయపడే స్థితికి వచ్చిందన్నమాట.)

మిశ్రభాషా నిఘంటువు జాతి మాటలను ఒక అరబ్బీ నిఘంటువు పక్కన పెట్టుకుని చదివితే వింతలు బయటపడతాయి. ‘రైతు’ అంటే మూలంలో కాపరి మేపే మంద, ఏలుబడిలో వున్న ప్రజ. దున్నటానికీ ఆ మాటకూ సంబంధం లేదు. ‘కిస్తు’ అంటే న్యాయమైన వాటా. ‘కౌలు’ అంటే మాట, ఇచ్చిన మాట. ‘జప్తు’ అంటే పట్టు. ‘బాకీ’ అంటే మిగిలినది. ‘దళారి’ అంటే దారి చూపేవాడు. ‘తహసీలు’ అంటే వసూలు. మొగలాయి ప్రభుత్వపు తహసీల్దారూ, ఇంగ్లీషు ప్రభుత్వపు కలెక్టరూ ఇద్దరి పేర్లకూ అర్థం ఒక్కటే: వసూలు చేసేవాడు. ఇద్దరు విజేతలు, రెండు భాషలు, ఒకే పని. మనం ఆ రెండు మాటలనూ తెలుగు చేసుకోలేదు. చేసుకుని వుంటే, కొడుకు కలెక్టరు కావాలని మొక్కుకునే తల్లి ‘నా బిడ్డ పెద్ద వసూలుదారు కావాలి’ అని మొక్కుకోవలసి వచ్చేది!

మూలార్థాలు పట్టుకుని వేలాడటం భావవాదమని మిత్రులు అనవచ్చు. నిజమే. ‘కిస్తు’ మూలంలో న్యాయం వుంది గనుక కిస్తు కట్టేవాడికి న్యాయం జరిగిందని ఎవరూ అనరు. మాట పుట్టుక దేన్నీ రుజువు చేయదు. కానీ మాటలు ఏ రంగంలోకి వచ్చాయో, ఏ రంగంలోకి రాలేదో లెక్కవేస్తే అది చరిత్ర అవుతుంది. నల్లరేగడి పొలంలోకి దిగండి: నాగలి, మేడి, కాడి, గొర్రు, జడ్డిగం, గుంటక, చాలు, కలుపు, కోత, కుప్ప, కళ్ళం. అన్నీ తెలుగే. ఒక్క అడుగు గట్టుమీదికి వేయండి: పట్టా, ఫసలీ, జమాబందీ, కిస్తు, రసీదు, బాకీ, జప్తు. ఒక్కటీ తెలుగు కాదు. శ్రమకు సంబంధించిన మాటలు తెలుగులో వున్నాయి, ఆ శ్రమఫలాన్ని తీసుకుపోవటానికి సంబంధించిన మాటలు బయటినుంచి వచ్చాయి. ఏ ఆర్థిక చరిత్ర గ్రంథమూ ఇంత సూటిగా చెప్పలేని విషయాన్ని బ్రౌను నిఘంటువులు రెండూ పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి. ఆ సంగతి బ్రౌను ఉద్దేశించాడా లేదా అనేది నాకు ముఖ్యం కాదు.

దీన్ని చూసి దోపిడీ అంతా పరాయిభాషలో వచ్చిందని సంబరపడేవారు వేరే జాబితా ఒకటి చదవాలి. అప్పు, వడ్డీ, తాకట్టు, నాగు, వెట్టి, పాలేరు, పన్ను. ఇవి కచేరీనుంచి రాలేదు. అరుగుమీద కూర్చున్న ఆసామి నోటినుంచే వచ్చాయి, తెలుగులోనే వచ్చాయి. పరాయి ప్రభుత్వం రాకముందూ వున్నాయి, అది పోయిన తరువాతా వున్నాయి. భాషాభిమానం ఈ రెండో జాబితా దగ్గర మౌనం వహిస్తుంది.

ఇవి పాత సంగతులు కావు. ఈనాడు గుంటూరు మిర్చి యార్డులో ఒక గంట నిలబడి వినండి. తొడిమ, తాలుకాయ, మచ్చు, తరుగు వరకు తెలుగు. బస్తా, కాటా, దళారి, హమాలి, గుమాస్తా, ఖాతా దగ్గరకు వచ్చేసరికి బ్రౌను రెండో నిఘంటువు. కమీషను, కోల్డ్ స్టోరేజి, ఎక్స్‌పోర్టు దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లీషు. సరుకు పొలానికి ఎంత దూరమైతే మాట అంత పరాయిదవుతుంది, లాభం అంత పెరుగుతుంది. మిరప కూడా అసలు పరాయిదే. పోర్చుగీసువారి ఓడల్లో అమెరికా ఖండంనుంచి వచ్చింది. కానీ దాన్ని పండించినవాడు పేరుకోసం ఎక్కడికీ పోలేదు, తనకు తెలిసిన మిరియాన్ని సాగదీసి మిరప చేసుకున్నాడు. పొగాకుకూ అంతే, రెండు తెలుగు మాటలు కలిపి పేరు కట్టాడు. చేతిలో పని వున్నవాడికి కొత్తమాట పుట్టించే శక్తి వుంటుంది. శిస్తు విషయంలో ఆ శక్తి పనికిరాలేదు, ఎందుకంటే అక్కడ పేరు పెట్టే అధికారం అతనిది కాదు.

పేరు పెట్టే అధికారం అంటే ఏమిటో ఈ సీమకు 1832–33లో తెలిసింది. నందన నామ సంవత్సరపు కరువు అది. గుంటూరు సర్కారు నైజామునుంచి 1788లో కుంఫిణీ చేతికి వచ్చింది, 1802లో జమీందారులతో శాశ్వత పరిష్కారం చేసుకున్నారు. కాలం కలిసివచ్చినా రాకపోయినా పేష్కషు మారదు. చెరువులూ కాలవలూ ఎవరూ పట్టించుకోలేదు. వానలు తప్పగానే జనం రాలిపోయారు. గుంటూరు సీమలోని ఐదు లక్షల జనాభాలో లక్షన్నర, రెండు లక్షల మంది చనిపోయారని చరిత్ర గ్రంథాల అంచనా. బ్రౌను ఆ రోజుల్లో ఉద్యోగరీత్యా ఈ ప్రాంతంలోనే వున్నాడు. జనం దానికి డొక్కల కరువని పేరు పెట్టారు. క్షామమనీ, అనావృష్టి అనీ నిఘంటువుల్లో మాటలుండగా, తమ కంటికి ఎదురుగా కనిపించినదాన్ని బట్టి పెట్టుకున్న పేరు.

ఇక్కడ ఒక భాషా విచిత్రం. ‘జిల్లా’ అనే మాటకు అరబ్బీ మూలంలో అర్థం పక్కటెముక. పక్కటెముకనుంచి పక్క, పక్కనుంచి ప్రాంతం అయింది. కచేరీ కాగితంలో ఎముక భూభాగమయింది, జనం నోట్లో భూభాగపు విపత్తు ఎముకయింది. కాకతాళీయమే, కాదనను. కానీ ఒకే దేహాన్ని ఇద్దరు ఎటునుంచి చూశారో ఇంతకంటే చక్కగా చూపే జంటపదాలు నాకు దొరకలేదు. (ఆ పక్కటెముకలు తరువాత చాలాసార్లు విరిగాయి: గుంటూరు జిల్లా 1904లో, ప్రకాశం 1970లో, పల్నాడు, బాపట్ల 2022లో.)

ప్రభుత్వం కరువులకు తన పేర్లు తను పెట్టుకున్నది. 1880 నాటి కరువు కమిషను తరువాత, 1883లో వచ్చిన కరువు నిబంధనావళి ఆకలిని మూడు మెట్లుగా విభజించింది: కొరతకు దగ్గరి స్థితి, కొరత, కరువు. ఏ మెట్టు మీద వున్నావో దాన్నిబట్టి సహాయం. ఆ మెట్టు నిర్ణయించేది ఆకలిగొన్నవాడు కాదు, వసూలుదారు. డొక్కల కరువునాటి చావులూ, దానితోపాటు పడిపోయిన శిస్తూ కుంఫిణీని కదిలించి, కృష్ణ మీద బెజవాడ దగ్గర ఆనకట్టకు దారితీశాయి. 1855లో అది పూర్తయింది. డెల్టా బాగుపడింది. మెట్టసీమకు నాగార్జునసాగర్ నీళ్ళు రావటానికి 1967 కావలసివచ్చింది. ఈలోగా గుంటూరు జమీందారీల బాకీలు తేల్చటానికి వచ్చిన వాల్టర్ ఎలియట్ దొర 1845లో అమరావతి దిబ్బ తవ్వించాడు. పాలరాతి శిల్పాలు చివరికి లండను మ్యూజియం చేరాయి. ఆ వసూలు కూడా బాకీ లేకుండా జరిగింది.

బ్రౌను లోపం ఎక్కడుందో ఇప్పుడు చెప్పవచ్చు. అతను మాటలను కచేరీ బల్లదగ్గర కూర్చుని ఏరాడు. కాగితంలో కనిపించిన మాట, పండితుడు చెప్పిన మాట, సాక్షి బోనులో పలికిన మాట అతనికి అందాయి. కరణం అతనికి గురువు. గొర్రు పట్టినవాడు గురువు కాలేదు. ఆ లోటు పూడటానికి వందేళ్ళకు పైగా పట్టింది. ఒంగోలులో 1928లో పుట్టి, గుంటూరులో చదువుకున్న భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున మాండలిక వృత్తి పదకోశానికి పూనుకున్నారు. 1962లో మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. ఊరూరా పనివాళ్ళనే అడిగి, ఎక్కడ ఏమంటారో రాసిపెట్టిన పుస్తకాలవి. బ్రౌను జయంతికి వెచ్చించే ఉత్సాహంలో సగం వీటిమీద వెచ్చించినా మన విద్యార్థులకు తెలుగంటే ఏమిటో తెలిసివుండేది. అయితే ఆ పదకోశంలోనూ నాకొక అసంతృప్తి వుంది. పనిముట్లకూ పనులకూ అందులో దక్కిన శ్రద్ధ అప్పుకూ, కౌలుకూ దక్కలేదు. నాగలికి వున్న భాగాలన్నీ చెప్పగలం, నాగలి పట్టినవాడి మీద వున్న బరువులకు మాత్రం మళ్ళీ బ్రౌను రెండో నిఘంటువే దిక్కు.

ఆ బరువుల సంగతి మాటల విచారణ కాదనుకునేవారికి దగ్గరి ఉదాహరణ చెబుతాను. 1987–88లో పత్తిమీద తెల్లదోమ విరుచుకుపడి, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆ తరువాత రాష్ట్రమంతటా ఆ చావులు పెరిగాక, 2004లో ప్రభుత్వం 421 నంబరు ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కొక్క చావునూ అధికారుల సంఘం విచారించి, అది నిజమైన రైతు ఆత్మహత్య అవునో కాదో తేల్చాలి. తేలితేనే కుటుంబానికి సహాయం. ఇక్కడ ‘రైతు’ అనే మాట నిఘంటువు పదం కాదు, తీర్పు. పట్టా వున్నవాడు రైతని తేలటం సులభం. మన సీమలో పత్తీ మిరపా ఎక్కువగా పండించే కౌలుదారు దగ్గర కాగితం వుండదు. ఆసామి నోటితో ఒప్పుకుంటాడు, ఇతను నోటితో ఒప్పుకుంటాడు. కౌలంటే మాట గదా! అతను చనిపోయినప్పుడు భూమి రికార్డులో ఆసామి రైతు, ఇతను ఎవరూ కాదు. 2019లో కౌలుదారుకోసం పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. కార్డు ఇస్తామన్నది, పదకొండు నెలలకు. దానికోసం కౌలుదారు తేవలసింది భూయజమాని సంతకం.